విడి ఎస్‌ఎంపీఎస్ అమ్మక, పిన్‌ల వివరమూ ఇవ్వని మీ విధానంపై ఫిర్యాదు

తిరుపతి

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

అయ్యా,

తిరుపతిలో నాకొక చిన్న కంప్యూటర్ మరమ్మతుల అంగడి ఉంది. కార్యాలయాలు వేలంలో వదిలించుకున్న డెస్క్‌టాప్‌లనూ, గుజరీ అంగళ్లకు తూకానికి వచ్చే విడిభాగాలనూ కొని, పనికొచ్చేవాటిని కలిపి, ఎక్కువగా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ విద్యార్థులకు తక్కువ ధరకు ఇస్తుంటాను. అలా నా చేతికి వచ్చిన మీ సన్నరకం డెస్క్‌టాప్‌ల గురించే ఈ ఫిర్యాదు.

వాటి మదర్‌బోర్డులు, ప్రాసెసర్లు నిక్షేపంగా ఉన్నాయి. పోయింది వాటికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే. ఇక్కడి ఎండలకు దానిలో విద్యుత్తును నిల్వచేసే కెపాసిటర్లు ఉబ్బిపోవడం మాకు కొత్త కాదు. బోర్డు, ఎస్‌ఎంపీఎస్‌ల కొలతలూ కనెక్టర్లూ ఎలా ఉండాలో చెబుతూ ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణాన్ని పాటించే కంప్యూటర్‌కైతే, సాధారణంగా ఏ పాత ఏటీఎక్స్ పెట్టెలోంచి తీసిన ఎస్‌ఎంపీఎస్ అయినా సరిపోతుంది. పసుపు తీగలో 12 వోల్టులు, ఎరుపులో 5, నారింజలో 3.3, ఊదా తీగలో స్టాండ్‌బై (కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడూ అందే) 5 వోల్టులు ఉంటాయనీ, ఆకుపచ్చ తీగను నలుపుకు కలిపితే సరఫరా మొదలవుతుందనీ మా అంగడిలో పని నేర్చుకునే కుర్రవాడికీ తెలుసు. మీ బోర్డుకు మాత్రం ఆ ప్రమాణపు 24 పిన్‌ల కనెక్టర్ లేదు. మీరే రూపొందించుకున్న చిన్న కనెక్టర్ ఉంది, పైగా అది స్టాండ్‌బైకి కూడా 12 వోల్టులే కోరుతుంది.

అందువల్ల చెడిపోయిన మీ ఎస్‌ఎంపీఎస్ నుంచి కనెక్టర్‌ను తీగలతో సహా కోసి, పాత ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్‌కు సోల్డర్ చేసి, స్టాండ్‌బై 5 వోల్టులను బూస్ట్ కన్వర్టర్‌తో 12కు పెంచి, సన్నపెట్టెలో పట్టని ఆ ఎస్‌ఎంపీఎస్‌ను పాత డీవీడీ ప్లేయర్ డబ్బాలో బిగించాను. యంత్రం నడుస్తోంది. అయితే ఏ పిన్ దేనికో చూపే పటం లేనందున బోర్డు మీది ఒక్కొక్క పిన్‌నూ మల్టీమీటర్‌తో పోల్చుకోవలసి వచ్చింది. ఒక్కటి తారుమారైనా 12 వోల్టులు సిగ్నల్ తీగలోకి వెళ్లి బోర్డు కాలిపోయేది. ఇక ఫ్యాన్ సంగతి మరీ విడ్డూరం. మీది ఐదు పిన్‌ల ఫ్యాన్ కావడంతో, మామూలు నాలుగు పిన్‌ల ఫ్యాన్ చక్కగా తిరుగుతున్నా, ఆన్ చేసిన ప్రతిసారీ ఫ్యాన్ లేదన్న హెచ్చరిక వచ్చి, మీట నొక్కేదాకా యంత్రం ముందుకు కదలదు.

మీ సేవాకేంద్రంలో అడిగితే, ఆ మోడల్ విడిభాగాలు ఆపేశారనీ, పిన్‌ల వివరం కంపెనీ రహస్యమనీ, కొత్త కంప్యూటర్ కొనుక్కోమనీ చెప్పారు. ఏ పిన్‌కు ఎన్ని వోల్టులు కావాలన్నది దాచవలసిన రహస్యం ఎలా అయిందో నాకు బోధపడలేదు. 12 వోల్టులతోనే నడిచే ఏటీఎక్స్12వీఓ ప్రమాణాన్ని, దాని 10 పిన్‌ల కనెక్టర్ వివరాలతో సహా, ఇంటెల్ అందరికీ అందుబాటులో ఉంచింది కదా. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ ప్రారంభించింది కూడా కంపెనీలు ఇటువంటి మరమ్మతు సమాచారాన్ని అందరికీ తెలియజేయాలనే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు, చెత్తగా మారిన వస్తువుల బాధ్యతను తయారీదారుల మీదా ఉంచాయి. బాగున్న బోర్డును ఎస్‌ఎంపీఎస్ కోసం చెత్తలో వేయించడం ఆ బాధ్యతకు పొసగదు.

పాత సరుకు కొన్నవాడిని గనుక వారంటీ నేను అడగడం లేదు. ఆ మోడల్ పవర్ కనెక్టర్, ఫ్యాన్ కనెక్టర్‌ల పిన్‌ల పటాన్ని వోల్టేజీలతో సహా ఇవ్వవలసిందిగానూ, ఫ్యాన్ హెచ్చరికను ఆపుకునే వీలును బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోని ప్రోగ్రాంలో) కల్పించవలసిందిగానూ కోరుతున్నాను. ముప్పై రోజుల్లో వ్రాతపూర్వకంగా జవాబు రాని పక్షంలో ఈ లేఖ ప్రతిని పైన పేర్కొన్న శాఖకు పంపుతాను.

ఇట్లు,
భవదీయుడు,
కంప్యూటర్ మరమ్మతుల అంగడి యజమాని

జతపరచినవి: మదర్‌బోర్డు, కనెక్టర్ల ఫొటోలు, కొనుగోలు రసీదు నకలు