వార్షిక నివేదిక: సభ్యుల యాప్‌లో దేశాల జెండాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సాంకేతిక విభాగం ఎక్కువ శ్రద్ధ పెట్టిన పని ఒకటే. మన వెబ్ యాప్‌లోని సభ్యుల పట్టికలో ప్రతి పేరు పక్కనా వారి దేశం జెండా సరిగ్గా కనిపించేలా చేశాం. చూడటానికి చిన్న పనే. కానీ తన దేశం జెండా సాగిపోయో, పాతబడిపోయో కనిపిస్తే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది.

ఇంతకుముందు జెండా ఎమోజీలు వాడేవాళ్లం. ఎమోజీ జెండా అంటే దేశ కోడ్‌లోని రెండక్షరాలను సూచించే రెండు యూనికోడ్ (కంప్యూటర్లన్నీ అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతి) గుర్తుల జంట. దాన్ని జెండాగా చూపించడం ఫాంటు చేతిలో ఉంటుంది. విండోస్ ఎమోజీ ఫాంటులో దేశాల జెండాలు లేవు. అందువల్ల ఫోనులో జపాన్ జెండా కనబడిన చోటే చాలా కంప్యూటర్లలో ‘జేపీ’ అనే రెండు ఇంగ్లిషు అక్షరాలు కనబడేవి.

అందుకే ఓపెన్ సోర్స్ (ఎవరైనా వాడుకోగల) జెండా ఐకాన్ల లైబ్రరీని, అంటే సిద్ధంగా ఉన్న చిన్న బొమ్మల సంకలనాన్ని చేర్చాం. అవి ఎస్‌వీజీ బొమ్మలు, అంటే చుక్కలతో కాక గీతల లెక్కలతో గీసేవి; ఎంత పెద్దవి చేసినా మసకబారవు. దేశాల కోడ్‌ల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 3166-1 జాబితాలో రెండక్షరాల కోడ్‌లు 249 ఉన్నాయి. అన్ని జెండాలనూ ఒకేసారి దించితే పేజీ నెమ్మదిస్తుంది కాబట్టి, తెరపై అవసరమైనవే దిగేలా అమర్చాం. పాత వివరాల్లో బ్రిటన్‌కు ‘యూకే’ అని ఉన్నచోట ఆ జాబితా ప్రకారం ‘జీబీ’గా సరిచేశాం.

జెండా అంచు దగ్గర మాత్రం చాలా ఆలోచించాల్సి వచ్చింది. తెల్లటి పేజీపై జపాన్ జెండాకు సన్నని గీత లేకపోతే ఎర్రటి చుక్క ఒక్కటే మిగులుతుంది. అదే గీత నేపాల్ జెండా చుట్టూ గీస్తే, దీర్ఘచతురస్రం కాని ఆ పతాకం ఖాళీ పెట్టెలో ఇరుక్కున్నట్టు ఉంటుంది. చివరికి నేపాల్‌కు మినహాయింపు ఇచ్చాం.

ఫోనులో చోటు కలిసివస్తుంది, దేశం పేరు తీసేసి జెండానే ఉంచుదామని కొందరు సభ్యులు సూచించారు. కార్యవర్గం అంగీకరించలేదు. ఇండోనేషియా, మొనాకో జెండాలు రెండూ పైన ఎరుపు, కింద తెలుపు; తేడా కొలతల్లోనే. ఐకాన్‌లో ఆ తేడా కూడా పోతుంది. చాద్, రొమేనియాలదీ దాదాపు అదే పరిస్థితి. పేరు పక్కనే ఉంటుంది కాబట్టి, స్క్రీన్ రీడర్ (తెరపై ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవారికి అదే మాట రెండుసార్లు వినబడకుండా జెండాను ఆ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం కనిపించకుండా దాచాం. భాషల ఎంపికలో జెండాలు పూర్తిగా తొలగించాం; స్పానిష్‌కు ఏ దేశం జెండా పెట్టినా మిగతా దేశాలవారికి అన్యాయమే.

జెండాలు మారుతుంటాయి. 2017లో మౌరిటానియా, 2025లో సిరియా మార్చుకున్నాయి. లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పరీక్షించి చేర్చడానికి ఇద్దరు స్వచ్ఛంద సభ్యులు కావాలి. ఆసక్తి ఉన్నవారు సర్వసభ్య సమావేశంలోపు కార్యదర్శికి తెలియజేయగలరు.