పరిగెత్తే అమ్మాయిలకు పీసీఓడీ ముద్ర వేసే ముందు

సంపాదకులకు,

భీమవరం, తణుకు, అమలాపురం కాలేజీ గ్రౌండ్లలో కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం తెల్లవారకముందే పరుగు మొదలుపెట్టే అమ్మాయిలున్నారు. కబడ్డీ, వాలీబాల్ ఆడే పిల్లలు సరేసరి. వీళ్లలో కొందరికి మూడు నాలుగు నెలలైనా నెలసరి రాదు. బరువు మాత్రం సరిగ్గానే ఉంటుంది. స్కానింగు తీసి అండాశయంలో నీటి బుడగలున్నాయంటారు, చీటీలో పీసీఓడీ (హార్మోన్లు అదుపు తప్పి అండం సరిగ్గా విడుదల కాని సమస్య) అని రాస్తారు, బరువు తగ్గమని, అన్నం మానేయమని చెబుతారు. తిండి చాలక నెలసరి ఆగిన పిల్లకు ఈ సలహా ఇస్తే ఉన్న ఇబ్బంది ముదురుతుంది.

మెదడు అడుగున ఉండే హైపోథలామస్ గంటా గంటన్నరకోసారి పంపే సంకేతంతో అండం పెరుగుతుంది. శ్రమకు పోగా ఒంటికి మిగిలే శక్తి తగ్గితే ఆ సంకేతాలు మందగిస్తాయి, ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ పడిపోతుంది, నెలసరి ఆగుతుంది. తిండి తక్కువైతే చిక్కిపోవాలి కదా అని అడుగుతారు. చిక్కనవసరం లేదు. శరీరం తన ఖర్చే తగ్గించుకుంటుంది. నాడి నెమ్మదిస్తుంది, చేతులు చల్లబడతాయి, జుట్టు రాలుతుంది, మలబద్ధకం వస్తుంది. తూకంలో మాత్రం ఏమీ తేలదు.

లెక్క ఇలా వేయాలి. తిన్న కేలరీల్లోంచి వ్యాయామానికి ఖర్చయినవి తీసేసి, మిగిలినదాన్ని కొవ్వు పోగా ఉన్న ఒంటి బరువుతో భాగించాలి. కిలోకు 45 ఉంటే మంచిది. 30 కంటే దిగితే ఐదు రోజులకే, అండం విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోన్ లయ తప్పినట్టు 2003లో అమెరికాలో వెలువడిన పరిశోధన చూపించింది. ఆ హద్దు అందరికీ ఒకేచోట ఉండదు, 30 పైనున్నా నెలసరి ఆగేవాళ్లున్నారు.

52 కిలోల అమ్మాయిని తీసుకోండి. కొవ్వు 13 కిలోలు తీసేస్తే 39. రెండు పూటల పరుగుకు, లాంగ్‌జంప్‌కు 500 కేలరీలు పోతాయనుకుంటే రోజుకు 2250 దాకా తినాలి. లేవగానే టీ, తొమ్మిదింటికి మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం భోజనం, రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు తింటే 1600 అందుకోవడమే కష్టం. పోనీ 1600 అనే అనుకుందాం. మిగిలేది 1100, అంటే కిలోకు 28. శనివారం ఒంటిపూట ఉంటే అదీ ఉండదు.

ఈ లోటు పూడ్చడానికి పొడి డబ్బాలు కొనక్కర్లేదు. గ్రౌండుకు వెళ్లే ముందు ఒక అరటిపండు, పరుగు ముగిసిన అరగంటలో రెండు ఉడికించిన గుడ్లు, గ్లాసుడు గేదె పాలు, సాయంత్రం గుప్పెడు వేరుశనగపప్పు. ఇవి 600 కేలరీలు. రాత్రి అన్నం మళ్లీ మొదలుపెట్టాలి, అది అన్నిటికంటే ముఖ్యం. వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. నెలసరి తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఆరు నెలలు దాటినా ఆశ్చర్యం లేదు. పెళ్లయినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: తిరిగి వచ్చే మొదటి నెలసరి కంటే ముందే అండం విడుదలవుతుంది కాబట్టి ఈలోగా గర్భం రావచ్చు.

మూడు నెలలు రాకపోయినా, తరచూ 45 రోజులు దాటి వస్తున్నా, 15 ఏళ్లొచ్చినా రజస్వల కాకపోయినా డాక్టరుకు చూపించాలి. ముందు గర్భ పరీక్ష చేస్తారు. పెళ్లికాని పిల్లకైనా వరుస అదే, నొచ్చుకోవద్దు. తర్వాత రక్తంలో హార్మోన్ల పరీక్షలు: టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కు), ప్రొలాక్టిన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రడయాల్ (ఈస్ట్రోజన్‌లో ముఖ్యమైన రకం). శక్తి లోటులో ఎల్‌హెచ్, ఎస్ట్రడయాల్ తక్కువగా ఉంటాయి, గర్భాశయం లోపలి పొర పలచగా ఉంటుంది. అందుకే ప్రొజెస్టిరాన్ మాత్రలు వాడి ఆపినా చాలాసార్లు రక్తస్రావం కాదు. పీసీఓడీలో సాధారణంగా అవుతుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొండి మొటిమలు, ఎక్కువ టెస్టోస్టిరాన్ (పురుష హార్మోన్) దాని గుర్తులు. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు కాబట్టి ఒక్క రిపోర్టుతో తేల్చకూడదు. రజస్వల అయి 8 ఏళ్లు నిండనివారికి స్కానింగుతో పీసీఓడీ నిర్ణయించవద్దని 2018 అంతర్జాతీయ మార్గదర్శకాలే చెప్పాయి. పదమూడేళ్లకు రజస్వల అయిన పిల్లకు 21 వచ్చేదాకా అన్నమాట.

గర్భనిరోధక మాత్రలతో నెలనెలా కనిపించేది మాత్ర ఆపినందువల్ల వచ్చే రక్తస్రావమే. అసలు కారణం అలాగే ఉంటుంది, ఎముకలకూ రక్షణ దొరకదు. ఎముక గట్టిపడే వయసులో ఈస్ట్రోజన్ లేకపోవడమే మాకు పెద్ద బెంగ. కాలి ముందరి ఎముక మీద ఒక్కచోట వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి, ఒంటికాలి మీద గెంతితే అదే చోట నొప్పి ఉంటే వెంటనే పరుగు ఆపించాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో సన్నపగులు కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐలో తెలుస్తుంది. ఆరు నెలలు నెలసరి లేనివారికి ఎముక సాంద్రత పరీక్ష చేయించాలి.

హాస్టలు పెట్టి శిక్షణ ఇస్తున్న కోచింగ్ సెంటర్లకు మా విన్నపం ఒక్కటే. పరుగు ఆరున్నరకు అయిపోతుంటే టిఫిన్ తొమ్మిదింటికి పెడుతున్నారు. గుడ్లు, పాలు గ్రౌండు దగ్గరికే పంపించండి. టైమింగ్ రాసే పుస్తకంలోనే నెలసరి తేదీ కూడా ఎవరికి వారు రాసుకునేలా చూసి, ఆ పుస్తకం మహిళా కోచ్ చేతిలోనే ఉంచండి.

ఇట్లు,
ఒక స్త్రీ వైద్య నిపుణురాలు, ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు
కోనసీమ