ఆ ఫోటోలో చెయ్యి నాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ పేపర్లో జిల్లా పేజీలో మావాడి, అంటే నా స్నేహితుడి, ఫోటో వేశారు, చాలా థాంక్స్. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ మారథాన్ పూర్తిచేసిన లెక్కల మాస్టారు అని. అంతా బాగుంది గానీ హెడ్డింగు "ఒంటరి పరుగు వీరుడు" అని పెట్టారు చూడండి, అక్కడ నాకు కొంచెం కాలింది. ఆ ఫోటో మళ్లీ ఒకసారి చూడండి, మావాడి ఎడమ భుజం మీద ఒక చెయ్యి కనపడుతుంది, మణికట్టు దాకా, నల్ల వాచీతో. మిగతా మనిషిని కత్తిరించేశారు. ఆ మిగతా మనిషిని నేనే.

పేరు వెయ్యలేదని కాదండీ ఈ ఉత్తరం. నాకు పేరొద్దు, ఇంట్లో తెలిసిందే చాలు (ఇంట్లో మొదట కామ్రేడ్స్ అంటే ఏదో పార్టీ ర్యాలీ అనుకున్నారు, మా ఆవిడైతే ఈ వయసులో జెండా పట్టుకుని అంత దూరం ఎందుకండీ అంది). ఆ "ఒంటరి" అనే మాటే తప్పు. ఏ రన్నర్ గురించి రాసినా మన పేపర్లన్నీ ఇదే రాస్తాయి, ఒక్కడే, చీకట్లో, తనతో తానే పోరాడుతూ అని. చీకటి నిజమే. ఒక్కడే అన్నది మాత్రం ఎక్కడా చూళ్లేదు నేను.

అసలు ఆ రేసు పుట్టిందే స్నేహితుల కోసం. విక్ క్లాఫమ్ అని ఒక రైలింజను డ్రైవరు, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా వెళ్లొచ్చాడు, అక్కడ పోయిన తోటివాళ్ల గుర్తుగా ఏదైనా చెయ్యాలని అడిగీ అడిగీ చివరికి 1921 మే 24న ఈ పరుగు పెట్టించాడు. ఆ రోజు 34 మంది బయల్దేరితే 16 మంది చేరారు. తర్వాత 1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్ అనే ఆవిడ పరిగెడతానంటే ఆడవాళ్లకి ఎంట్రీ లేదన్నారు, ఆవిడ అయినా పరిగెత్తి పూర్తి చేసింది, మెడల్ ఇవ్వలేదు, అప్పుడు తోటి రన్నర్లూ చూడ్డానికొచ్చినవాళ్లూ చందాలేసుకుని వెండి టీ సెట్టు కొనిచ్చారట. నాకు ఆ రేసు చరిత్ర మొత్తంలో ఇదొక్కటే చాలు. అలాగని అక్కడ అందరూ దేవుళ్లేం కాదు, ఆడవాళ్లనీ నల్లవాళ్లనీ అధికారికంగా రానిచ్చింది 1975లో, అంటే యాభై ఏళ్లకి పైగా పట్టింది. పేరేమో కామ్రేడ్స్.

సరే మా సంగతి. మా ఇద్దరి ప్రాక్టీసంతా సింహాచలం ఘాటూ భీమిలి రోడ్డూనే. ఏప్రిల్లో తెల్లారగట్ల మూడున్నరకే బయల్దేరాలి, ఆరు దాటితే విశాఖలో ఆ ఉక్కకి మనిషి ఉడికిపోతాడు. మాస్టారు వాళ్లావిడ, మా చెల్లెమ్మ, వారం వారం స్కూటీ మీద మజ్జిగ సీసాలూ ఉప్పేసిన ఉడకబెట్టిన బంగాళాదుంపలూ పట్టుకుని పది కిలోమీటర్లకోసారి రోడ్డుపక్కన నిలబడేది, కుక్కలొస్తే కర్రతో తోలేది కూడా ఆవిడే. ఆవిడ పేరూ మీ వార్తలో లేదు. డర్బన్ వెళ్లాక చూస్తే అక్కడ స్టాళ్లలోనూ అవే ఉప్పు బంగాళాదుంపలు, నీళ్లేమో మన ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండ్లో అమ్మే ప్యాకెట్లలాంటి వాటిలో, పంటితో చింపుకుని తాగడమే. మావాడు ఒకటి నోట్లో పెట్టుకుని "ఏట్రా, కాంప్లెక్స్‌కి వచ్చినట్టుంది" అన్నాడు.

మేం పరిగెత్తింది అప్ రన్, డర్బన్ నుంచి పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కి ఎక్కుడు, 86 కిలోమీటర్లు అటూ ఇటూ, 12 గంటల్లో చేరాలి. గాంధీగారిని 1893లో రైల్లోంచి దించేసిన ఊరే అది. దారిలో పెద్ద కొండలు అయిదు. ఒకచోట గట్టు మీద ఆర్థర్స్ సీట్ అని రాతిలో తొలిచిన గూడు ఉంటుంది, అయిదుసార్లు గెలిచిన ఆర్థర్ న్యూటన్ కూర్చున్న చోటట, అక్కడ పువ్వు పెట్టి గుడ్ మార్నింగ్ ఆర్థర్ అంటే రెండో సగం బాగా సాగుతుందని నమ్మకం. మావాడు లెక్కల మాస్టారు కదా, ఇలాంటివి నమ్మడు, అయినా ఒక గడ్డిపువ్వు తెంపి రెండు ముక్కలు చేసి నాకో సగం ఇచ్చాడు. నా సగం పనిచెయ్యలేదు.

సగం దూరం దాటాక ఇంచాంగా అని కొండ. అక్కడ నా పిక్కలు పట్టేశాయి, పైగా వాచీ ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. ఆ రేసులో టైం తెలియకపోతే కళ్లకి గంతలు కట్టుకున్నట్టే, దారి మధ్యలో కూడా కటాఫ్‌లు ఉంటాయి, దాటితే బస్సెక్కించేస్తారు. నేను వాడిని వెళ్లిపొమ్మన్నాను. వాడు వెళ్లనన్నాడు. రోడ్డు మధ్యలో నిలబడి తిట్టుకున్నాం, పచ్చి బూతులు, అక్కడెవరికీ తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. చివరికి వాడు తన వాచీ తీసి నా చేతికి కట్టి, "నాకు బస్సుంది, టైం నీకు కావాలి" అని వెళ్లిపోయాడు. వాడన్న బస్సు నిజం బస్సు కాదండీ, ఒకాయన జెండా పట్టుకుని ఇన్ని గంటల్లో చేరుస్తానని ముందు పరిగెడతాడు, వెనకాల వందమంది గుంపు, ఆయన నడవమంటే నడవడం, పరిగెత్తమంటే పరిగెత్తడం, మధ్యలో పాటలు. ఆయన్ని డ్రైవర్ అనే అంటారు.

వాడు వెళ్లడమే కరెక్టు. ఉండిపోయుంటే ఇద్దరం మునిగేవాళ్లం. స్నేహం అంటే అతుక్కుని ఉండడం అని రాసేవాళ్లు ఒకసారి ఇంచాంగా ఎక్కి చూడాలి.

ఇక ఆఖరి పెద్ద కొండ పాలీ షార్ట్స్. ఇంకో ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లుందనగా వస్తుంది, ఆ కొండని డిజైన్ చేసినవాడెవడో గానీ పగబట్టినవాడే. అక్కడ నేను రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. అప్పుడు ఒకావిడ ఆగింది, అరవై దగ్గర్లో ఉంటాయి, గ్రీన్ నంబర్, అంటే పదిసార్లు పూర్తి చేసిన వాళ్లకి జీవితాంతం సొంతమయ్యే నంబరు. బిబ్ మీద, అంటే ఛాతీకి పెట్టుకునే నంబరు కాగితం మీద చూస్తే మన నాయుళ్ల పేరే, వాళ్లు నైడూ అంటారు. వాళ్ల తాతల తాత చెరుకు తోటల పనికి ఓడెక్కి వెళ్లాట్ట, 1860 నుంచీ మద్రాసు నుంచి కూలీల ఓడలు అటు వెళ్లాయి కదా, ఊరేంటండీ అంటే "వైజాగపటం" అంది. నాకు ఒళ్లు జలదరించింది, నొప్పికో దేనికో తెలీదు. ఆవిడకి వచ్చిన తెలుగు నాలుగే ముక్కలు, అన్నం, నీళ్లు, అమ్మ, దా. ఆ కొండ మొత్తం ఆవిడ నాలుగడుగులు ముందు నడుస్తూ వెనక్కి తిరిగి "దా, దా" అంటూనే ఉంది, నేను వెళ్తూనే ఉన్నాను. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచేటప్పుడు ముక్కూ మొహం తెలియని ముసలమ్మలు మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టి ఇలాగే తోలతారు మనల్ని.

ఇంకో ఏడు నిమిషాలుందనగా లోపలికొచ్చాను. 12 గంటలవగానే ఒకాయన రన్నర్లకి వీపు పెట్టి తుపాకీ పేలుస్తాడు, ఎవరు ఆఖర్న ఆగిపోయారో ఆయన చూడకుండా. మావాడు గంట ముందే వచ్చేసి, స్వెటర్ వేసుకుని ఫెన్సింగ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు, గొంతు పోయింది. మెడల్ పది రూపాయల బిళ్లంత ఉంటుందండీ, అంతే. మీరు వేసిన ఫోటో అప్పుడు తీసిందే.

కాబట్టి నా విన్నపం ఒకటే, ఈసారి ఇలాంటి వార్త వేస్తే ఫోటో పూర్తిగా వెయ్యండి. ఒరిజినల్ మెయిల్లో పెడుతున్నాను. చెల్లెమ్మ అప్పటికే మీ పేపర్ కటింగు ఫ్రేం కట్టించి హాల్లో పెట్టేసింది, నా చెయ్యితో సహా. ఆ చేతికున్న వాచీ మాత్రం మావాడిది, ఇంకా తిరిగివ్వలేదు, అడగలేదు కూడా వాడు.

ఇట్లు
ఒక పాఠకుడు, విశాఖపట్నం