2024–25 వార్షిక నివేదిక: చెక్క నాలుక పలికిన ఏడాది

బెంగళూరులోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

కార్తీక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. వనభోజనాల్లో పులిహోర చాలలేదన్న ఫిర్యాదు ఈసారీ వచ్చింది, వంటల కమిటీకి చెప్పాం. ఆదివారం తెలుగు బడి పరీక్షల రోజుల్లో తప్ప ఆగలేదు. మిగతా చోటంతా చెక్క నాలుకకే, అంటే ఈ ఏడాది మనం చేసుకున్న చెక్క వాద్యానికే. ఏడాది పొడుగునా ఎక్కువమంది అడిగిందీ, ఎక్కువమంది విసుక్కున్నదీ దాని గురించే.

మూలం మనది కాదు. జర్మన్ గిటారిస్టు హాన్స్ రైషెల్ 1980ల్లో డాక్సోఫోన్ అనే వాద్యాన్ని తయారుచేశారు. పల్చటి చెక్క పట్టీ ఒక కొసను దిమ్మకు బిగిస్తారు, రెండో కొస గాల్లో ఉంటుంది. ఆ కొస అంచు మీద వయొలిన్ కమాను లాంటిది లాగితే పట్టీ వణుకుతుంది. దిమ్మలో ఉన్న కాంటాక్ట్ మైకు (గాలిలో శబ్దం కాక, తగిలిన వస్తువు వణుకును పట్టే మైకు) ఆ వణుకును స్పీకరుకు పంపుతుంది. రెండో చేత్తో ఇంకో చెక్కముక్కను పట్టీ మీద నొక్కి జరుపుతుంటే స్వరం మారుతుంది. వచ్చేది అచ్చం మనిషి గొంతే: గొణుగుడు, మూలుగు, ఒక్కోసారి పాట. రైషెల్ అక్షరాలు గీయడంలో కూడా దిట్ట, డాక్స్ అనే ఫాంటు ఆయనదే. 2011లో చనిపోయారు.

మన సభ్యుల్లో ఒకరిది బొబ్బిలి ప్రాంతం. పక్కనే గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణలు చేస్తారని తెలిసిందే. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు వీణకు పనికిరాని పనస ముక్కలు కొన్ని సంచిలో వేసుకొచ్చారు. మన వడ్రంగి మేస్త్రి గారు వాటిని చిత్రిక పట్టి జానెడున్నర పొడవు, రెండు వేళ్ల వెడల్పు నాలుకలు చేశారు. కాంటాక్ట్ మైకుగా వాడే పీజో బిళ్లలు ఎస్.పి. రోడ్డులో చవగ్గా దొరికాయి. దిమ్మను సి-క్లాంపుతో హాల్లోని బల్లకు బిగించాం. మైసూరు రోడ్డు టింబరు డిపోల నుంచి టేకు, జిట్రేగి (రోజ్‌వుడ్) ముక్కలు కూడా తెచ్చి చూశాం. జిట్రేగి గొంతు తేటగా ఉంది. పనసది కాస్త జలుబు చేసిన గొంతు. చాలామందికి అదే నచ్చింది.

అసలు చిక్కు వాయించడంలో వచ్చింది. తీగను సగం చేస్తే పై షడ్జమం పలుకుతుంది. ఒక కొసే బిగించిన చెక్కపట్టీని సగం చేస్తే కంపనం దాదాపు నాలుగింతలవుతుంది, అంటే రెండు స్థాయిలు పైకి. వీణ అలవాటున్న చేతికి ఇది పెద్ద టెన్షన్. కొస వైపు వెళ్లేకొద్దీ స్వరస్థానాలు ఇరుకైపోతాయి, వెంట్రుకవాసి జరిగితే రిషభం కాస్తా గాంధారం. పైగా కమాను ఒత్తిడి తేడా వస్తే మూల స్వరం వదిలేసి ఎక్కడో పై స్వరానికి ఎగురుతుంది. గమకం మాత్రం అడక్కుండానే వస్తుంది, ఆపడమే కష్టం.

దారి చూపింది ఒకప్పుడు పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మన పెద్దాయన. హార్మోనియం లోపల స్వరం పలికే రేకును, అంటే రీడును, కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, బిగించిన మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. చెక్కకీ అదే లెక్క అన్నారు. ఆ మాట పట్టుకుని మేస్త్రి గారు ఒకే దిమ్మకు ఐదు నాలుకలు బిగించి, ఆకురాయితో మోహన రాగం ఐదు స్వరాలకు సరిచేశారు. స్థానం వెతుక్కోనక్కర్లేదు, పిల్లలు కూడా వాయించొచ్చు. మన సంఘం కొత్తగా చేర్చింది ఇదే. వానాకాలంలో చెక్క తేమ పీల్చి శ్రుతి దిగింది, మళ్లీ గీకాల్సి వచ్చింది. ఐదో నాలుక ఇప్పటికీ మాట వినడం లేదు.

సాధన మొదలైన కొత్తలో కింది ఫ్లాటు తాతగారు పైకి వచ్చి, "బాబూ, ఇది పాడుతోందా, ఏడుస్తోందా?" అని అడిగారు. "రెండూ నేర్చుకుంటోందండీ" అన్నారు మేస్త్రి గారు. అప్పట్నుంచి రాత్రి ఎనిమిది దాటాక హెడ్‌ఫోన్లతోనే సాధన.

మార్చి 30న విశ్వావసు ఉగాది సభలో మొదటి ప్రదర్శన. మోహన ఆలాపనకు చప్పట్లు మర్యాదకి వచ్చాయనే చెప్పాలి. తర్వాత తెలుగు బడి పిల్లలు తోలుబొమ్మలాట ఆడారు. అందులో జుట్టుపోలిగాడికి మాటల్లేవు, చెక్క నాలుకే గొంతు. బంగారక్క తిట్టినప్పుడల్లా పోలిగాడు పనస గొంతుతో సణుగుతుంటే హాలంతా పగలబడి నవ్వింది. కన్నడ ఇరుగుపొరుగు వాళ్లకూ అనువాదం అక్కర్లేకపోయింది. కీర్తనలకు ఈ వాద్యం కుదరదని నా అభిప్రాయం. హాస్యానికీ నాటకానికీ వాడుకుంటేనే దాని సత్తా తెలుస్తుంది. వీణ నేర్పే సభ్యురాలు ఒప్పుకోరు, వచ్చే ఉగాదికి ఆలాపన మళ్లీ పెట్టిస్తానంటున్నారు.

ఖర్చు విషయం. చెక్క, బిళ్లలు, కమానుకు రాసే రోజిన్ సభ్యుల చందాలతోనే సరిపోయాయి. పాత యాంప్లిఫయరు మాత్రం సంఘం నిధి నుంచి కొన్నాం. కమిటీలో ఇద్దరు దీనికి ఒప్పుకోలేదు, వారి అభ్యంతరం మినిట్స్‌లో నమోదైంది. ఆ ఖర్చుకు ఆమోదం, రెండో దిమ్మ తయారీ, సాధనకు హాలు వేళలు, ఈ మూడూ సర్వసభ్య సమావేశంలో ఓటుకు వస్తాయి. లెక్కల పట్టిక విడిగా జతచేశాం. రాలేనివారు తమ అభిప్రాయం రాసి ముందే కార్యాలయంలో ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి, బెంగళూరు