హీరో తేలకముందే విలన్ ఖాయమా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో సగానికి సగం మింగేసిన 'కొత్త బ్యాట్‌మ్యాన్‌కు జోకర్ దొరికేశాడు' వార్త గురించి ఈ ఉత్తరం. బ్యాట్‌మ్యాన్ విలన్ జోకర్ వేషానికి ఫలానా నటుడు ఖాయమని రాశారు కదా, అది. ఈపాటికి చాలామంది రాసే ఉంటారనుకుంటాను. ఎవరూ రాయలేదంటే అది ఇంకా బాధపడాల్సిన విషయం, ఆ పేజీని జనం పట్టించుకోవడం మానేశారన్నమాట.

వార్తను పైనుంచి కిందిదాకా వెతికాను, ఈ మాట చెప్పిందెవరా అని. నిర్మాణ సంస్థ చెప్పలేదు, దర్శకుడు చెప్పలేదు, ఆ నటుడు చెప్పలేదు, కనీసం ఆయన మేనేజర్ కూడా చెప్పలేదు. 'అభిమానులు కోరుకుంటున్నారు' అని మొదలై, 'గట్టిగా వినిపిస్తోంది' మీదుగా వెళ్లి, శీర్షికలో 'దొరికేశాడు' అయిపోయింది. ఇంతా చేసి చివరి పేరాలో 'బ్యాట్‌మ్యాన్‌గా ఎవరు నటిస్తారన్నది ఇంకా తేలాల్సి ఉంది' అని మీరే రాసుకున్నారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

బ్యాట్‌మ్యాన్ సినిమాలు తీసే డీసీ స్టూడియోస్ పగ్గాలు అందుకున్న జేమ్స్ గన్ 2023 జనవరిలో ఈ సినిమా సంగతి ప్రకటించినప్పుడు, ఇది తండ్రీకొడుకుల కథ అని, బ్యాట్‌మ్యాన్ కొడుకు డామియన్ ఇందులో ఉంటాడని చెప్పారు. కామిక్స్ చదివినవాళ్లకి ఆ పిల్లాడి తల్లి ఎవరో, తాత ఎవరో తెలుసు. నన్నడిగితే జోకర్ కంటే ఆ తాతగారు రాస్ అల్ గూల్ విలన్‌గా రావడానికే అవకాశం ఎక్కువ. అయితే అది నా ఊహ. దాన్ని ఫొటోతో సహా ఆదివారం పేజీలో వేయమని మీకు నేను పంపలేదు.

ఫొటో అన్నాను కాబట్టి అదీ చెప్పాలి. ఆకుపచ్చ జుట్టు, చెవులదాకా ఎర్రరంగుతో మీరు వేసిన ఆ బొమ్మ ఏ అభిమానో సరదాగా కంప్యూటర్లో చేసుకున్నది. కింద 'లీకైన లుక్' అని రాశారు. మొదలే కాని షూటింగ్ నుంచి లుక్ ఎలా లీకైంది సార్? పాపం బొమ్మ చేసినవాడి పేరైనా వేయలేదు.

అభిమానులు ఊహించుకోవడాన్ని నేను తప్పుపట్టను. కొత్తగా మొదలుపెట్టే సూపర్‌హీరో సినిమాకి విలన్‌గా ఎవరు బాగుంటారని వాదించుకోవడంలో ఉన్న మజా సినిమా చూడటంలో కూడా ఉండదు ఒక్కోసారి. నేనూ వాదిస్తాను, మా ఇంట్లో భోజనాల దగ్గర. కానీ ఆ వాదన వార్త కాదు. పైగా ఈ విలన్ల విషయంలో ఊహలు ఎంత గట్టిగా వినిపించాయో అంత గట్టిగా తప్పిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

2006లో జోకర్‌గా హీత్ లెడ్జర్‌ను ప్రకటించినప్పుడు అభిమానుల్లో చాలామంది నెత్తీ నోరూ కొట్టుకున్నారు. ప్రేమకథల్లో కనిపించే ఈ కుర్రాడా జోకర్ అని వెక్కిరించారు. 2008 జనవరిలో అతను చనిపోయాడు, ఆ జులైలో 'ది డార్క్ నైట్' సినిమా వచ్చింది, ఆ జోకర్ పాత్రకే 2009లో వచ్చిన ఆస్కార్‌ను అతని కుటుంబం వెళ్లి అందుకుంది. ఆ సిరీస్‌లోనే దాని ముందు సినిమా సంగతి చూడండి. సిలియన్ మర్ఫీ బ్యాట్‌మ్యాన్ వేషం కోసం టెస్టుకి వెళితే, దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ అతని కళ్లు చూసి విలన్‌గా పెట్టుకున్నారు. 2005లో దిష్టిబొమ్మ ముసుగు వేసుకుని వచ్చిన ఆ మనిషే 2024లో ఉత్తమ నటుడిగా ఆస్కార్ పట్టుకెళ్లాడు. ఈ ఎంపికలను దర్శకులు చేశారు, అభిమానుల జాబితాలు కాదు.

మీలాంటి వార్తలకి అచ్చమైన ఉదాహరణ కూడా ఉంది. 2013లో సూపర్‌మ్యాన్ విలన్, గుండు లెక్స్ లూథర్ పాత్రకు బ్రయాన్ క్రాన్‌స్టన్ సంతకం చేసేశాడని వార్తలు వచ్చాయి. ఆయన గుండు మీద అభిమానులకి అంత నమ్మకం. 2014 జనవరిలో అసలు ప్రకటన వచ్చేసరికి ఆ పాత్ర జెస్సీ ఐసెన్‌బర్గ్‌ది. మళ్లీ కొత్తగా తీసిన 2025 సూపర్‌మ్యాన్‌లో నికలస్ హోల్ట్ వేశాడు. అతనైతే సూపర్‌మ్యాన్ వేషానికే ప్రయత్నించి లూథర్‌గా తేలినవాడు. ఇక మరో కంపెనీ మార్వెల్ వాళ్ల విలన్ డాక్టర్ డూమ్‌గా ఎవరు వేస్తారని ఏళ్ల తరబడి పేర్ల మీద పేర్లు తిరిగాయి. 2024 జులైలో శాన్‌డియాగో కామిక్స్ అభిమానుల మేళా వేదిక మీద ముసుగు తీసి నిలబడింది ఎవరు? అదే కంపెనీ సినిమాల్లో హీరో ఐరన్‌మ్యాన్‌గా వేసి తెరమీద చచ్చిపోయిన రాబర్ట్ డౌనీ జూనియర్! వినిపించిన ప్రతి పేరునీ ఖాయం చేస్తూ పోయి ఉంటే డూమ్ ముసుగులు మీకు బస్తాడు కావాల్సి వచ్చేవి.

ఇవన్నీ మీ సినిమా విలేకరికి తెలియవని కాదు. తెలిసీ రాస్తున్నారు, అదీ నా కడుపుమంట. లేదా నిజంగానే తెలియదేమో. ఎందుకంటే అదే వార్తలో, బ్యాట్‌మ్యాన్‌కి రాబోయే విలన్ల జాబితాలో థానోస్ పేరు కూడా ఉంది. థానోస్ మార్వెల్ వాళ్ల సొత్తు. డీసీ కంపెనీకి, దానికి సంబంధమే లేదు. ఎనిమిదో తరగతి చదివే మా మనవడు పేపరు పట్టుకుని పడీ పడీ నవ్వాడు. తెలుగు పేపరు చదవరా, భాష వస్తుంది అని వాడిని రోజూ పోరుతున్నది నేనే. పైగా నటుడి పేరు శీర్షికలో ఒకలా, కింద ఇంకోలా ఉంది. ప్రూఫులు చూసేవాళ్లు మీ ఆఫీసులో ఇంకా ఉన్నారా, వాళ్లనీ తీసేశారా? ధర పెరిగింది, పేజీలు తగ్గాయి, ఉన్న పేజీలో ఇదీ వరస.

మనవాళ్లకి పనికొచ్చే ముక్క ఒక్కటైనా ఉందా అంటే అదీ లేదు. తెలుగు డబ్బింగ్‌తో ఆడితే ఈ సినిమాలకి చిన్న ఊళ్లలో కూడా పిల్లలు వస్తారు. ఇటీవల వచ్చినవి ఏవి తెలుగులో దొరుకుతాయి, ఏవి పిల్లలకి చూపించొచ్చు, డబ్బింగ్ ఎలా ఉంది, ఇవి కదా రాయాల్సినవి. విలన్ గొప్పతనం గురించే రాయాలనుంటే రావు గోపాలరావు గొంతు, కోట శ్రీనివాసరావు వంకర నవ్వు పెట్టిన భయం గురించి రాయండి. అరవకుండా భయపెట్టడం ఎలాగో ఈ కాలం పిల్లలకి తెలుస్తుంది.

ఈ జబ్బు సినిమా పేజీతో ఆగితే ఉత్తరం రాసేవాణ్ని కాదు. జిల్లా పేజీలోనూ ఇదే తంతు. మా వీధి కల్వర్టు కూలి వర్షాకాలం మొత్తం గడిచిపోయింది. 'త్వరలో పనులు' అని ఒక అధికారి చెప్పిన మాట అక్షరం మార్చకుండా వేశారు. ఎప్పుడు, ఎంత ఖర్చు, టెండరు పిలిచారా, ఎవరూ అడగలేదు. అధికారులకి కూడా ఇది బాగా అలవాటైపోయింది. పని చెయ్యక్కర్లేదు, చేస్తామని చెబితే చాలు, పేపర్లో ఫొటోతో సహా పడుతుంది. ఉద్యోగ నోటిఫికేషన్ల మీద మీరు రాసే 'రేపో మాపో' వార్తలు నమ్మి కోచింగ్ సెంటర్లకి డబ్బు కట్టే పిల్లలున్నారు. జోకర్ ఎవరైతేనేం, వాళ్ల జేబులోంచి పోయేదేమీ లేదు. ఇక్కడ పోతుంది. కల్వర్టు గురించి నేను రాసిన ఉత్తరం మాత్రం మీకు చోటు చాలక వేయలేదు. జోకర్‌కి సగం పేజీ దొరికింది.

మీకు సాధ్యమైనవే అడుగుతున్నాను. అభిమానుల ఊహలు వేయాలనిపిస్తే వేయండి, పైన 'అభిమానుల ఊహలు' అని పెద్ద అక్షరాల్లో పెట్టండి. వాళ్లు చేసిన బొమ్మ వాడుకుంటే చేసినవాడి పేరు వేయండి. చెప్పినవాడు లేని వార్తకి 'ఖాయం', 'దొరికేశాడు' వాడకండి. థానోస్ విషయంలో వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి, లోపలెక్కడో చావు ప్రకటనల పక్కన కాదు.

ఇట్లు,
మీ పాత చందాదారు,
గుంటూరు జిల్లా