ఎక్సైజ్ కమిషనర్ గారికి: వయసు చూడండి, ఫొటో ఎందుకు?

కర్ణాటక ఎక్సైజ్ కమిషనర్ గారికి నమస్కారం.

మాది నెల్లూరు. పదిహేనేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. వయసు 43, జుట్టు సగం నెరిసింది.

మొన్న శనివారం మద్యం షాపులో బీరు అడిగితే కౌంటర్లో కుర్రాడు వయసు రుజువు చూపమన్నాడు. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ పడీ పడీ నవ్వింది. నాకూ లోపల సంతోషమే, దాచడమెందుకు! అడగడం తప్పు కాదు. 21 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదని రూల్ ఉంది. 2023 జనవరిలో దాన్ని 18కి దించాలని ముసాయిదా వచ్చినా, అభ్యంతరాలు రావడంతో ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

నా బాధ వేరు. డ్రైవింగ్ లైసెన్స్ చూపిస్తే వద్దు, ఆధారే కావాలన్నాడు. ఇస్తే సొంత ఫోన్‌తో రెండు వైపులా ఫొటో తీసుకున్నాడు. ఎందుకయ్యా అంటే "ఓనర్ చెప్పారు సార్" అన్నాడు. నా నంబరు, ఇంటి అడ్రసు ఇప్పుడు ఎవరి వాట్సాప్‌లో ఉన్నాయో ఏమో! పుట్టిన తేదీ చూడటానికి రెండు సెకన్లు చాలు కదండీ. మొదటి 8 అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ అయినా సరిపోతుంది.

ఇంకో మాట. నేను పర్సు వెతుక్కుంటుంటే, ఇంకా నూనూగు మీసాలైనా రాని పిల్లాడు పక్కనుంచి క్వార్టర్ కొనుక్కుని వెళ్లిపోయాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు. రోజూ వచ్చేవాడు కాబోలు.

కార్డు చూసి ఇచ్చెయ్యాలి, ఫొటో తియ్యకూడదని ప్రతి కౌంటర్లో బోర్డు పెట్టించండి. కన్నడతో పాటు తెలుగులోనూ ఉంటే మాకు వాదించే పని తప్పుతుంది.

ఇట్లు,
ఒక మారతహళ్లి నివాసి