ఫొటోలో తెల్లదనం ఎలా తయారవుతుందో పిల్లలకు చూపించాలి

సంపాదకులు గారికి నమస్కారం.

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మాది చిన్న ఫొటో స్టూడియో. నాన్న నడిపారు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. స్కూళ్లలో ఐడీ కార్డు ఫొటోలు, పదో తరగతి ఫేర్‌వెల్ గ్రూప్ ఫొటోలు తీయడం మా పనిలో పెద్ద భాగం. కెమెరా వెనక నిలబడేవాడికి పిల్లల గురించి టీచర్లకు కూడా కనపడనివి కొన్ని కనపడతాయి. అందులో ఒకదాని గురించే ఈ ఉత్తరం.

గ్రూప్ ఫొటోకి పిల్లల్ని ఎత్తును బట్టి నిలబెడతాం. ఈ మధ్య ఒక స్కూల్లో పొట్టిగా ఉన్న అమ్మాయిని ముందు వరుసలోకి రమ్మంటే రాలేదు. "నేను నల్లగుండాను సార్, ఎనకాల నిలబడ్తా" అంది, రోల్ నంబరు చెప్పినంత మామూలుగా. పక్కనున్న టీచరమ్మ కూడా "సరేలే, నిలబడనీండి" అనేశారు. లైటుకు దూరం రెట్టింపయితే మనిషి మీద పడే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. హాల్లో ఫ్లాష్ పెట్టి తీస్తే వెనక వరుసలో ఉన్నది ఎవరైనా సరే, నల్లబడతారు. అంటే తన రంగు కనపడకూడదని వెనక్కి పోయిన పిల్ల ఇంకా నల్లగా వస్తుంది. నేను ఇంకో లైటు తెప్పించి వెనక వరుసకు పెట్టాను. అది నా పని, అయిపోయింది. ఆ మాట ఆ పిల్ల నోటికి ఎట్లా వచ్చిందన్నది మాత్రం స్కూలు చూసుకోవాల్సిన పని.

ఆగస్టు 15కి భరతమాత వేషం ఎవరికి వేస్తారో ఒకసారి గమనించండి. కలెక్టరో ఎమ్మెల్యేనో వస్తే బొకే ఇచ్చేందుకు ఎవర్ని ముందు నిలబెడతారో చూడండి. నేను ఫొటోలు తీసిన ఫంక్షన్లలో దాదాపు అన్నిచోట్లా తెల్లగా ఉన్న పిల్లలే. ఎవరూ కావాలని చేయరు, నాకు తెలుసు. కానీ మిగతా పిల్లలంతా కింద కూర్చుని చూస్తూనే ఉంటారు కదా.

ఆ చూసిన పిల్లలే రేపు స్టూడియోకి వచ్చి "రోంత తెల్లగా చేయండి సార్" అంటారు. అబ్బాయిలు కూడా, ఏమాత్రం తక్కువ కాదు. సిస్టమ్‌లో ముఖం వరకు సెలెక్ట్ చేసి కర్వ్స్ (ఫొటోలో వెలుగు పెంచే, తగ్గించే గీత) పైకి లాగితే తెల్లబడుతుంది, నిమిషం పని. అడిగితే చేసిస్తాం. చేయకపోతే పక్క స్టూడియోకి పోతారు. తొందరపడి చేస్తే ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, చేతులు ఇంకో రంగు. ఇప్పుడు ఆ నిమిషం కూడా అక్కర్లేదు, ఫోన్లో బ్యూటీ మోడ్ ఉంది. మచ్చ, మొటిమ, రంగు అన్నీ తుడిచేస్తుంది. ఆ సెల్ఫీకి అలవాటు పడిన పిల్లలకు నేను తీసిన ఫొటో చూపిస్తే "ఇది నేను కాదు సార్" అంటున్నారు.

కెమెరా ఉన్నది ఉన్నట్టు చూపిస్తుందని పిల్లలే కాదు, పెద్దవాళ్లూ నమ్ముతారు. ఫిల్ము రీళ్ల రోజుల్లో కొడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోమని ల్యాబులకు పంపిన కార్డు మీద ఒక తెల్లజాతి యువతి ఫొటో ఉండేది. షర్లీ కార్డు అనేవాళ్లు. ఆమె చర్మం బాగా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టే. ముదురు రంగు మనుషులకు మాత్రం కళ్లు, పళ్లు తప్ప ముఖంలో వివరమే వచ్చేది కాదు. చాక్లెట్ల కంపెనీలు, చెక్క ఫర్నిచర్ కంపెనీలు తమ సరుకు రంగు తేడాగా వస్తోందని గొడవ చేశాక ఫిల్ము మీద దృష్టి పెట్టారని ఆ కంపెనీలో పనిచేసినవాళ్లే తర్వాత చెప్పారు. మనుషుల కోసం కాదు, చాక్లెట్ కోసం! ఈ ముక్క చెబితే ఏ క్లాసులోనైనా పిల్లలు చెవులు రిక్కించి వింటారు.

క్రీముల సంగతి మీ పాఠకులకు కొత్త కాదు. 1975 నుంచి అమ్ముడవుతున్న ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. మా దగ్గరికొచ్చి అడిగేవాళ్ల మాట మాత్రం అదే. స్టెరాయిడ్ కలిసిన క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం ఉత్తర్వులిచ్చింది. అయినా బుగ్గలు ఎర్రగా కమిలి, చర్మం పల్చబడి వచ్చే కాలేజీ పిల్లల్ని క్లోజప్‌లో చూస్తూనే ఉన్నాను.

"అందం మనసులో ఉంటుంది" అని బోర్డు మీద రాస్తే పిల్లలు వెనక బెంచీలో నవ్వుకుంటారు. దానికంటే ఒక పీరియడ్ ఇచ్చి చూపించడం నయం. మోడల్‌గా ఏ పిల్లనో నిలబెట్టొద్దు, నా ముఖమే ఉంది, నలుపే. కిటికీ వెలుతురులో ఒకటి, ట్యూబ్‌లైట్ కింద ఒకటి, ఫ్లాష్‌తో ఒకటి, ఫోన్ బ్యూటీ మోడ్‌లో ఒకటి తీసి నాలుగూ పక్కపక్కన పెడదాం. ఇందులో అసలు మనిషి ఏదో పిల్లల్నే తేల్చమందాం, వాదించుకోనిద్దాం. తర్వాత కర్వ్స్ వాళ్ల చేతికే ఇద్దాం. ఎక్కడిదాకా లాగి ఆపుతారో, అక్కడే ఎందుకు ఆపారో వాళ్ల నోటితోనే చెప్పించాలి. సైన్స్ టీచరు ఒక మాట కలపొచ్చు: చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు తెల్లవాళ్లలో, నల్లవాళ్లలో దాదాపు సమానంగానే ఉంటాయి, అవి ఎంత తయారుచేస్తాయన్నదే తేడా. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునేది ఆ మెలనినే. మా అనంతపురంలో దాని విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు.

లేపాక్షికి పిల్లల్ని టూర్ తీసుకెళ్లే టీచర్లకు ఇంకో మాట. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, నంది దగ్గర సెల్ఫీ దిగి వచ్చేస్తారు. ఒక్క పది నిమిషాలు పైకప్పు బొమ్మల కింద నిలబెట్టండి. 16వ శతాబ్దపు చిత్రకారులు ఆడవాళ్లను ఏ కన్నుతో, ఏ ముక్కుతో, ఏ రంగుతో గీశారో నోట్సులో రాయించండి. ఇప్పటి హోర్డింగుల మీది ముఖాలతో ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కలవవో పిల్లలే చెబుతారు.

మీ పత్రికకూ ఒక విన్నపం. ప్రకటనల్లో మనుషుల శరీరాన్ని సన్నగానో లావుగానో దిద్దితే ఆ సంగతి ఫొటో మీదే రాయాలని ఫ్రాన్స్‌లో 2017 నుంచి నిబంధన ఉంది. నార్వేలో 2022లో అలాంటి చట్టమే అమల్లోకి వచ్చింది. మన దగ్గర వచ్చేదాకా ఆగకుండా, ఫలితాల రోజు మీరు వేసే ర్యాంకర్ల ఫొటోలను తెల్లబరచకుండా వేయండి. వధూవరుల ప్రకటనల్లో "తెల్లని", "మేలిమి ఛాయ" అన్న మాటలు తీసుకోబోమని చెప్పండి. ఒకటి రెండు ప్రకటనలు పోతాయేమో, పోనివ్వండి.

స్కూళ్లు తెరిచాక వచ్చే ఆషాఢంలో మాకు పెళ్లిళ్లుండవు, తీరికే. ప్రభుత్వ హైస్కూళ్లలో పెద్ద ప్యానెల్ బోర్డులున్నాయి, కెమెరా, లైట్లు నేనే తెచ్చుకుంటాను. ఫీజేమీ వద్దు. నో బ్యాగ్ డే నాడు గంటన్నర ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక ఫొటోగ్రాఫర్,
అనంతపురం